తల తెగిన గ్రిప్ స్క్రూ: డ్రిల్ చేతికి తీసుకునే ముందు

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1911 తరహా పిస్టల్, కుడిపక్క గ్రిప్పు (పిడికి బిగించే పలక) కింది స్క్రూ తల పుటుక్కున తెగి ఊడొచ్చింది, మొండెం లోపలే ఉండిపోయింది. ఫ్రేము (పిస్టల్ లోహపు చట్రం) మీద గీత పడకుండా తీయాలి, డ్రిల్ వేసేయనా అని అడుగుతున్నారు.

అప్పుడే వేయకండి. నాకిది రెండుసార్లు జరిగింది. మొదటిసారి నేనూ నేరుగా డ్రిల్ దగ్గరికే పరిగెత్తాను. మామూలు బిట్ పెట్టి నొక్కేసరికి, తెగిన చోటు ఏటవాలుగా ఉండటంతో మొన పక్కకి జారి, స్క్రూ ఎక్కే బుషింగ్ అనే చిన్న ఉంగరం మరల్ని కొరికేసింది. అప్పటిదాకా చిన్న స్క్రూ ముక్క మాత్రమే పోయింది, ఆ తర్వాత బుషింగ్ కూడా పోయింది. తీరా చూస్తే ఆ ముక్క అసలు బిగుసుకునే లేదు. సూదిమొనతో తిప్పినా వచ్చేసేది.

ఎందుకంటారా? మీరు చెప్పని సంగతి ఒకటుంది: స్క్రూ బిగిస్తుండగా తెగిందా, విప్పుతుండగా తెగిందా? పనంతా దాని మీదే ఆధారపడి ఉంది. బిగిస్తున్నప్పుడు తల గ్రిప్పు మీద ఆనుకుని కింది మరల్ని పైకి లాగుతుంటుంది. స్క్రూని బిగువుగా పట్టి ఉంచేది ఆ లాగుడే. తల తెగిన క్షణంలో అది పోతుంది, ముక్క మరల్లో ఊరికే కూర్చుని ఉంటుంది. విప్పుతుండగా తెగిందంటే మాత్రం కథ వేరు. తల తెగేంత బలం పెట్టినా మరలు కదల్లేదంటే, లోపల థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పూసే) జిగురో, చెమట తడికి పట్టిన తుప్పో గట్టిగా పట్టుకుని ఉన్నట్టు. తల పోయినా ఆ పట్టు పోదు.

ముందుగా మ్యాగజీన్ (పిడిలో దూరే తూటాల పెట్టె) తీసేసి, స్లైడ్ (ఫ్రేము మీద ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. వీలైతే స్లైడు కూడా విప్పి పక్కన పెట్టండి, ఫ్రేము ఒక్కటే ఉంటే పట్టుకోవడానికి తేలిక. తర్వాత రెండో స్క్రూ విప్పి గ్రిప్పు పలక ఎత్తేయండి. తల లేదు కాబట్టి పలక అడ్డం లేకుండా వచ్చేస్తుంది. ఇప్పుడు ఫ్రేము మీద కాస్త పైకి లేచిన చిన్న ఉంగరంలాంటిది కనిపిస్తుంది, అదే బుషింగ్. స్క్రూ ఎక్కేది ఫ్రేములోకి కాదు, ఈ బుషింగ్‌లోకి. బుషింగ్ బయటి మరలు ఫ్రేములోకి ఎక్కి ఉంటాయి. కాబట్టి అన్నిటికన్నా ముందు కాపాడుకోవాల్సింది ఫ్రేము మరల్ని, తర్వాత బుషింగ్‌ని. స్క్రూ ముక్క ఏమైనా ఫరవాలేదు.

పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి తీసుకుని, బుషింగ్ పట్టేంత చిల్లు చేసి, దాని మీద తొడిగి టేపుతో అంటించండి. చెయ్యి జారితే (జారుతుంది, నమ్మండి) గీత కార్డు మీద పడుతుంది. నా కార్డు మీద నాలుగు గీతలున్నాయి, ఫ్రేము మీద ఒక్కటీ లేదు.

ముక్క కొన బుషింగ్ పైకి కొంచెమైనా కనిపిస్తుంటే నోస్ ప్లయర్‌తో పట్టి ఎడమకి తిప్పి చూడండి. లోపలికే తెగి ఉంటే గట్టి సూది మొనని ముక్క అంచున, నడిమధ్యన కాకుండా, ఆనించి ఎడమకి నెట్టండి. వెలుగు బాగా పడేలా పెట్టుకుని ఓపిగ్గా చేయాలి. కొద్దిగా కదిలిందంటే పని అయిపోయినట్టే. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: బుషింగ్ రంధ్రం అవతలివైపు మ్యాగజీన్ గూట్లోకి తెరుచుకుని ఉంటుంది. అంటే ముక్క బయటికే రావాలని లేదు. ఎడమకి మొరాయిస్తే కుడికి తిప్పండి, లోపలికి దిగి గూట్లో రాలి పడినా సరే.

కదలకపోతే కారణం ఏదో చూడాలి. తుప్పు అయితే తుప్పు వదిలించే పలచటి నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. జిగురు అయితే నూనెతో లాభం లేదు, గట్టిపడిన జిగురులోకి అది దిగదు. దానికి వేడి కావాలి. ఎర్ర రకం జిగురు మెత్తబడాలంటే దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కాలి. నీలం రకం చాలావరకు చేతిబలానికే లొంగుతుంది. నాకు రెండోసారి తగులుకున్నది ఎర్రదే, నాకు ముందు ఆ పిస్టల్ వాడిన వాళ్లెవరో ధారాళంగా పోసిపెట్టారు. సోల్డరింగ్ ఐరన్ మొనని ముక్క మీద రెండు నిమిషాలు ఆనించి, వేడి తగ్గకముందే సూదితో నెట్టాను. మొదటిసారి కదల్లేదు, మూడోసారికి సన్నగా కిర్రుమంది. ఆ చప్పుడు విన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు! మంట మాత్రం ఫ్రేము దగ్గరికి రానివ్వకండి, రంగు మారిపోతుంది. నూనె వేసిన చోట వేడి పెట్టాలంటే ముందు శుభ్రంగా తుడిచేయాలి, లేదంటే పొగ, కొన్నిసార్లు మంట.

ఇవన్నీ అయ్యాకే డ్రిల్. అదీ ఎడమ తిరుగుడు బిట్. మామూలు బిట్ కుడికి తిరుగుతుంది కాబట్టి ముక్కని ఇంకా బిగించే ప్రమాదం ఉంది. ఎడమ బిట్ కొరికి పట్టిందంటే చాలాసార్లు అదే ముక్కని విప్పి పైకి తెస్తుంది. 1911 గ్రిప్ స్క్రూ మర వ్యాసం 0.150 అంగుళాలు, అంటే 3.8 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల బిట్ అయితే చుట్టూ సరిపడా లోహం మిగులుతుంది. మొన పక్కకి జారకుండా బయటి వ్యాసం 3 మిల్లీమీటర్లున్న ఇత్తడి గొట్టం ముక్క ఒకటి బుషింగ్‌లోకి దించి, బిట్‌ని అందులోంచి పంపండి. మొదటిసారి నాకు ఈ గొట్టం ఆలోచన వచ్చి ఉంటే బుషింగ్ బతికేది. వేగం బాగా తగ్గించండి. బిట్ మొన నిలవడానికి పంచ్ పెట్టి సుత్తితో గుంట కొట్టాలనుకుంటే మాత్రం ముందు మ్యాగజీన్ గూట్లో సరిగ్గా పట్టే చెక్కముక్క దూర్చండి. ఆ గోడలు పలచన, ఆసరా లేకుండా కొడితే లోపలికి వంగుతాయి.

స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్లు (విరిగిన ముక్కలో డ్రిల్ చేసిన చిల్లులోకి దింపి, ఎడమకి తిప్పి లాగే పనిముట్లు) ఈ సైజులో నాకు నచ్చవు. గట్టి ఉక్కు, గాజులా విరుగుతుంది. అది లోపల విరిగితే దాన్ని కొరికే డ్రిల్ బిట్ మన దగ్గర ఉండదు.

పటిక నీళ్లలో నానబెడితే స్క్రూ కరిగిపోతుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అబద్ధం కాదు, వాచీలు బాగుచేసేవాళ్లు ఇత్తడిలో విరిగిన ఉక్కు స్క్రూలకి అలాగే చేస్తారు. కానీ మీ ఫ్రేము ఉక్కుదైతే పటికకి స్క్రూకీ ఫ్రేముకీ తేడా తెలీదు.

తిప్పుతుంటే ముక్కతో పాటు బుషింగ్ కూడా కదిలి వచ్చేస్తే కంగారు పడకండి. పైకి తీసి వైస్‌లో పట్టుకుని తీరిగ్గా వేరు చేయొచ్చు, లేదా కొత్త బుషింగ్ వేసుకోవచ్చు. అయితే కొన్నిటిని లోపలి వైపు అంచు పంచ్‌తో విప్పార్చి బిగిస్తారు. అలాంటివి బలవంతంగా తిప్పితే ఫ్రేము మరలు ఊడొస్తాయి. అల్యూమినియం ఫ్రేము అయితే మరీను. బుషింగ్ మొండికేస్తుంటే అక్కడితో ఆపి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసే మనిషికి) ఇవ్వండి. ఫ్రేము మరలు చెడినా వేయడానికి లావుపాటి బుషింగులు దొరుకుతాయి గానీ, వాటికి కొత్త మర కోయడం ఇంటిదగ్గర చేసే పని కాదు.

కొత్త స్క్రూ వేసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన గాడిలో అడుగుదాకా, వెడల్పంతా నిండాలి. కోసుగా సన్నబడే మామూలు మొన పైకి జారుతూ గాడి అంచుల్ని తినేస్తుంది. రెండు వేళ్లతో ఆగేదాకా తిప్పి, ఆపైన ఒక్క పిసరు చాలు. వదులవుతుందని భయమైతే తల కింద సన్నని రబ్బరు రింగు వేయండి, జిగురు జోలికి వెళ్లకండి.

డ్రిల్ రజను మ్యాగజీన్ గూట్లో మిగలకుండా బ్రష్షుతో దులపండి, ఉక్కు రజను అయితే అయస్కాంతానికి కూడా అంటుకుంటుంది. గ్రిప్పులు బిగించాక ఖాళీ మ్యాగజీన్ పెట్టి బటన్ నొక్కండి. దానంతటదే జారి పడాలి. ఎక్కడైనా రాసుకుంటుంటే కొత్త స్క్రూ పొడుగు ఎక్కువై మొన గూట్లోకి వచ్చిందని అర్థం. దాన్ని తీసి, మొనని ఆకురాయి మీద రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ వేసి చూడండి.