బ్రేక్ వేస్తే పికప్ ట్రక్ వణుకుతోంది, ఎక్కడ చూడాలి?

బ్రేక్ వేసినప్పుడు మాత్రమే వణుకుతుంటే మొదట బ్రేక్ డిస్కుల్నే (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, బ్రేక్ వేస్తే ప్యాడ్లు వీటినే నొక్కి పట్టేది) అనుమానించండి. బ్రేక్ వేయకపోయినా వణుకుతుంటే అది ఎక్కువగా వీల్ బ్యాలెన్సింగ్ సంగతి, వేరే కథ. స్టీరింగ్ అదిరితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు అదిరితే వెనకవి. వెనక డ్రమ్ము బ్రేకులున్న బండైతే ఖాళీ రోడ్డు మీద తక్కువ స్పీడులో హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగి చూడండి, అప్పుడూ వణికితే డ్రమ్ము గుండ్రం పోయి ఉండొచ్చు.

అందరూ డిస్కు వంగిందంటారు గానీ చాలాసార్లు వంగదు, మందం ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా అరుగుతుంది, లేదా ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకుంటుంది. దీనికి మూలం తరచుగా హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీది తుప్పు, లేదా ఇంపాక్ట్ గన్‌తో (నట్లు బిగించే మెషిన్‌తో) ఇష్టమొచ్చినట్టు బిగించిన నట్లు. డయల్ గేజ్ (సన్నటి ఊగుడు కొలిచే పరికరం) పెట్టి డిస్కు తిప్పితే ఊగుడు సుమారు 0.05 మి.మీ. దాటకూడదు (మీ బండి లిమిట్ మాన్యువల్లో ఉంటుంది). హబ్ రుద్ది శుభ్రం చేయకుండా కొత్త డిస్కు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ మొదలు, డబ్బు దండగ. సాపు చేయించినా డిస్కు మీద ముద్రించిన కనీస మందం మిగిలేట్టుంటే లేత్ పట్టించొచ్చు, లేదంటే ఎడమ, కుడి రెండు చక్రాల డిస్కులూ ప్యాడ్లతో సహా మార్చడమే. నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానాతో) ఎదురెదురుగా బిగించండి. చక్రం పైకి లేపినప్పుడే బేరింగు, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్లలో ప్లే (వదులు) ఉందేమో ఊపి చూడండి.