రొయ్యల్లో సాల్మొనెల్లా ఉందో లేదో తేల్చడానికి ఐదారు రోజులు ఎందుకు పడుతుంది?

గడ్డకట్టించిన రొయ్యను నూరి నేరుగా అగర్ ప్లేటు (బాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లెం) మీద గీస్తే మర్నాటికే తెలిసిపోవాలి కదా, ల్యాబ్ వాళ్లు ఐదారు రోజులు ఎందుకు అడుగుతున్నారని మీరు అడిగారు. భీమవరం వైపు ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు ఇదే పని చేశాను. చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది.

సాల్మొనెల్లా అంటే తిండి ద్వారా జబ్బు తెచ్చే బాక్టీరియా; 25 గ్రాముల నమూనాలో అది అసలు ఉండకూడదు. ఉంటే గింటే అది ఒకటో రెండో కణాలుగా, గడ్డకట్టడంలో దెబ్బతిని, లక్షలాది ఇతర బాక్టీరియా నడుమ ఉంటుంది. ప్లేటు మీదికి తీసే చుక్కలో అది పడడమే అరుదు; పడినా, తక్కిన వాటిని అణచడానికి అగర్‌లో కలిపిన పదార్థాలు నీరసించిన ఈ కణాన్నీ బతకనివ్వకపోవచ్చు. అందుకే మొదటి రోజు, జబ్బుపడి లేచినవాడికి పథ్యం పెట్టినట్టు, 225 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్ అనే పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర సుమారు 18 గంటలు ఉంచి కోలుకోనిస్తాము. రెండో రోజు అందులోంచి 0.1 మిల్లీలీటరు తీసి, మాలకైట్ గ్రీన్ అనే రంగు ఉన్న ఆర్‌వీఎస్ బ్రాత్ అనే ద్రవంలో 41.5 డిగ్రీల దగ్గర పెడతాము. ఆ వేడికీ ఆ రంగుకూ తట్టుకునేవి తక్కువ, సాల్మొనెల్లా వాటిలో ఒకటి. మూడో రోజు, బాక్టీరియాను రంగును బట్టి గుర్తించనిచ్చే ఎక్స్‌ఎల్‌డీ అగర్ మీద గీస్తాము. నాలుగో రోజు అనుమానించదగ్గ కాలనీ (బాక్టీరియా గుంపు) లేకపోతే పని ముగిసినట్టే.

సాల్మొనెల్లాకు ఉండే ఎర్రటి కాలనీ, దాని నడుమ నల్ల చుక్క కనబడితేనే అసలు చిక్కు. ఒకసారి సెలవు కలిసొచ్చి నా ప్లేట్లు 24 గంటలకు బదులు రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. సరిగ్గా అలాంటి కాలనీలే కనబడ్డాయి. టీఎస్‌ఐ అనే మరో పరీక్ష గొట్టం కూడా, సాల్మొనెల్లాకు అయినట్టే, నల్లబడేసరికి సాల్మొనెల్లాయేనని నోరు జారాను, ఆ మాట సరుకు యజమాని దాకా వెళ్లింది. యూరియా గొట్టం మాత్రం కొద్ది గంటల్లోనే గులాబీ రంగుకు తిరిగింది. సాల్మొనెల్లా అయితే అలా తిరగదు; అది ప్రోటియస్ అనే వేరే బాక్టీరియా. అప్పటినుంచి అనుమానపు కాలనీని న్యూట్రియెంట్ అగర్ మీద మళ్లీ విడిగా పెంచి, జీవరసాయన పరీక్షలన్నీ, సీరంతో అగ్లుటినేషన్ (కణాలు గుంపుకట్టడం) కూడా చూశాకే మాట్లాడాను. ఆ చివరి రెండు రోజులు పోయేది ఇక్కడే.

డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్షతో త్వరగా తేలుతుంది గాని, మొదటి రోజు పెప్టోన్ వాటర్ దానికీ తప్పదు. పాజిటివ్ వస్తే బతికున్న కాలనీని వేరుచేసి నిర్ధారించుకోవలసిందే, ఎందుకంటే చచ్చిన కణాల డీఎన్‌ఏకు కూడా పీసీఆర్ పాజిటివ్ చూపగలదు.