ముందు చక్రాల బేరింగులు నువ్వే మారుస్తానన్నావట

ఒరేయ్ అల్లుడూ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం ఇంటి దగ్గరే నీ పాత టాటా 207 బండికి ముందు చక్రాల బేరింగులు నువ్వే మారుస్తావట. విన్న దగ్గర్నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మన ఇంట్లో నా తరవాత పానా పట్టింది నువ్వొక్కడివే, ఆ సంతోషం ఎక్కడికీ పోదు. కానీ అంబాజీపేటకి కొబ్బరికాయల లోడు లాగే బండి అది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, దాచుకుని చదువు.

పోయింది బేరింగేనా, చూశావా? చక్రం నేల నుంచి లేపి పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడిందనుకో, ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమను. అప్పుడూ ఆడుతుంటే తప్పు బేరింగులో లేదు, అనవసరంగా డబ్బు పెట్టకు.

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టావంటే నీతో మాట్లాడను. ఇనప స్టాండు పెట్టు, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం వెయ్యి. సిమెంటు ఇటుకలు మాత్రం వద్దు, చెప్పకుండా పగులుతాయి. బ్రేకు పట్టే కాలిపర్ విప్పాక తీగతో పైకి కట్టు, బ్రేకు గొట్టానికి వేలాడనీకు.

చక్రం మధ్యనుండే హబ్‌లో పాత కప్పు, అంటే బేరింగు బయటి రింగు, నున్నగా కనిపిస్తోందని వదిలెయ్యకు. కప్పూ, రోలర్లుండే కోనూ జతగానే మారాలి. కొత్త కప్పుని చుట్టూ కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ దించు. అడుగుకి కూర్చోగానే సుత్తి శబ్దం మారిపోతుంది, గట్టిగా పలుకుతుంది. ఆ శబ్దం వినకుండా ఆపకు. ఆయిల్ సీలు కూడా కొత్తది వెయ్యి. మీ వైపు వానాకాలం దారులన్నీ నీళ్ళేగా, ముసలి సీలు ఆ నీళ్ళని లోపలికి రానిస్తే బేరింగు తుప్పు పడుతుంది.

హబ్ లోపలి పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు కొత్తది పెట్టు. మీ తాత ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. పుల్లతో రాస్తే ఒప్పుకునేవాడు కాదు, వేలితో పెట్టించేవాడు, ఇసుక రేణువు ఉంటే వేలికే తెలుస్తుందని. నువ్వూ చేత్తోనే పెట్టు. అరచేతిలో గ్రీజు ముద్ద వేసుకుని, బేరింగు వెడల్పు అంచుని అందులోకి నొక్కుతూ పో. రోలర్ల సందుల్లోంచి రెండో వైపుకి ఉబికి రావాలి.

ఇక బేరింగుని పట్టి ఉంచే నట్టు సంగతి. ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1996 వేసవి. విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. నూజివీడులో మామిడికాయలు ఎత్తుకోవాలని ఒక టాటా 407 లారీ రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. బేరింగు మార్చాను. నట్టు బిగించాక, అది తిరిగిపోకుండా వేసే స్ప్లిట్ పిన్ రంధ్రం కొద్దిలో కలవలేదు. కొంచెం వెనక్కి తిప్పితే కలిసేది. చక్రం ఊడిపోతే ఎలా అన్న భయంతో గట్టి పానా వేసి ఇంకా ముందుకే లాగాను. ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమం అనుకున్నాను. అంత పట్టు మీద రోలర్లు తిరిగితే వేడెక్కుతాయి, గ్రీజు కరిగి కారిపోతుంది, తరవాత ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. తెలియక కాదు, ఆ రాత్రి ఆలోచించలేదు.

లోడుతో హనుమాన్ జంక్షన్ దాటి ఏలూరు వైపు పోతుంటే కాలిన వాసన వచ్చిందట. బండి ఆపారు. క్లీనర్ కుర్రాడికి పదిహేడేళ్ళుంటాయేమో, చీకట్లో దిగి హబ్ మీద అరచెయ్యి ఆనించాడు. చర్మం దానికే అంటుకుపోయింది.

మూడోరోజు వాడే నా షెడ్డుకి వచ్చాడు, కుడిచేతికి కట్టుతో. ఆ రాత్రి నేనిచ్చిన టార్చిలైటు తిరిగివ్వడానికి. ఎడమచేత్తో ఇచ్చి, "ఏమనుకోకు అన్నా, కుడిచెయ్యి రాదు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి ఖర్చు ఇచ్చాను. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు.

కాబట్టి ఇది నాకోసం చెయ్యి. హబ్‌ని ఒక చేత్తో తిప్పుతూనే నట్టు బిగించు, రోలర్లు సర్దుకుంటాయి. తరవాత నట్టు వదిలెయ్యి. మళ్ళీ బిగించేటప్పుడు పానా వద్దు, వేళ్ళతోనే. రంధ్రం కలవకపోతే వదులు వైపుకే తిప్పు. చక్రం తేలిగ్గా తిరగాలి, ఊపితే ఉందా లేదా అన్నంత ఆట ఉండాలి, మిల్లీమీటరులో పదో వంతు లోపే. కొత్త స్ప్లిట్ పిన్ వేసి కాళ్ళు వంచు. దాని బదులు మేకు దూర్చావని తెలిస్తే ఈ వయసులో కూడా బస్సెక్కి వచ్చి చెవి మెలేస్తాను.

మొదటిసారి ఖాళీ బండితో పది కిలోమీటర్లు వెళ్ళి ఆగు. చేతి వెనక వైపు హబ్‌కి దగ్గరగా తీసుకెళ్ళి వేడి చూడు. రెండు చక్రాలూ పోల్చు. అరచెయ్యి మాత్రం ఆనించకు. నాన్నా, అరచెయ్యి ఆనించకు.

నా ఇత్తడి పంచ్ ఆర్టీసీ కార్గోలో వేశాను, శనివారానికి అందుతుంది. ఇనప ఉలితో కప్పుని కొట్టకు, అది వచ్చాకే మొదలుపెట్టు. ఆ పది కిలోమీటర్లు అయ్యాక ఫోన్ చెయ్యి, పక్కనే పెట్టుకుని ఉంటాను.

మీ మావయ్య