అంతర్జాతీయ పర్యావరణ ఒప్పందాల వల్ల ఒరిగేదేమైనా ఉందా?

సమావేశాలు, సంతకాలు తప్ప ఏం జరగదు కదా అని అడిగారు. హైదరాబాద్‌లో ఏసీలు బాగుచేసే మెకానిక్‌గా చెబుతున్నాను, ఓజోన్ పొరను కాపాడటానికి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ప్రోటోకాల్ ఒప్పందం పనిచేసింది. రుజువు మా గ్యాస్ సిలిండర్లే. ఓజోన్‌ని తినే ఆర్-12 గ్యాస్ పోయింది, అలాంటిదే ఆర్-22 పోతోంది, ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 వస్తోంది. ఓజోన్ పొర కోలుకుంటోంది.

బాధ్యత అందరిదీ, కానీ బరువు అందరికీ ఒకటి కాదు అన్న సూత్రమే దీనికి ప్రాణం. 1987లో కుదిరిన ఈ ఒప్పందం మనలాంటి దేశాలకు పదేళ్లు అదనపు గడువు ఇచ్చింది. 1990లో లండన్‌లో ధనిక దేశాలు మనలాంటి దేశాల ఖర్చు కోసం నిధి పెట్టడానికి ఒప్పుకున్నాయి. 1992లో మనం చేరాం. ఆ డబ్బు లేకపోతే మనం చేరేవాళ్లమే కాదు, ఇందులో నాకు సందేహం లేదు.

మొన్న వేసవిలో కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పాత ఆర్-22 స్ప్లిట్ ఏసీ విప్పాల్సి వచ్చింది. కంప్రెసర్ తిరిగితే పంప్‌డౌన్ చేసి గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేస్తాం. దానిదేమో కాలిపోయింది. "నట్టు లూజ్ చేసి వదిలెయ్ బాబూ, గాల్లో కలిసిపోతుంది" అన్నారు ఓనర్. "ఓజోన్‌ని తినే గ్యాస్ సార్ అది. కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,800 రెట్లు వేడి పెంచుతుంది" అన్నాను. గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషీన్ అద్దెకు తెచ్చి, సిలిండర్‌ని కాటా మీద పెట్టి, ఎండలో కూర్చుని లాగాను. కాటా మీద అంకె కిలో దాటాక ఆగింది. అద్దె నా జేబులోంచే పోయింది.

నా బాధంతా ఇక్కడే. మెకానిక్‌లకు ట్రైనింగ్‌లు జరిగాయి, నేనూ వెళ్లాను, బాగా నేర్పారు. కానీ నేర్చుకున్నది చెయ్యాలంటే మెషీన్ కావాలి, చిన్న మెకానిక్ దాన్ని కొనలేడు. అదే మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఓజోన్‌ని తినకపోయినా వేడి పెంచే ఆర్-32 లాంటి గ్యాసుల వాడకం కూడా 2047కల్లా 85 శాతం తగ్గాలి. ప్రతి పేటలో రికవరీ మెషీన్ తక్కువ అద్దెకు దొరికేలా చెయ్యకుండా అది ఎలా కుదురుతుంది?

ఇంకో మాట. ఏటా గ్యాస్ నింపించాలని చెప్పేవాళ్లను నమ్మకండి. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా అయిపోయేది కాదు. తగ్గిందంటే లీక్ ఉన్నట్టే. ముందు ఆ లీక్ ఎక్కడో చూపించమనండి, అతుకు వేయించండి, ఆ తర్వాతే గ్యాస్‌కి డబ్బులివ్వండి.