మెకానిక్‌ని పిలిచేముందు ఒకసారి ఇది చదువు

చి. రవికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మేడ మీద సీలింగ్‌కి గోధుమరంగు మరక, పడగ్గదుల్లో ఏసీ గాలి అంతంతమాత్రం. ఇల్లు కొని ఏడాది తిరక్కుండానే రెండు రిపేర్లు వచ్చాయని టెన్షన్ పడుతున్నావు. రెండూ ఒకే జబ్బు అయ్యుండొచ్చు. గాలి తగ్గితే, ఏసీ మిషన్ లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, దానికి తగినంత వేడి అందదు. అది 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పోయి, దాని మీద చేరిన తేమ గడ్డకడుతుంది. ఆ మంచు గాలికి అడ్డం పడి, ఉన్న గాలి కూడా రాదు. మిషన్ ఆగినప్పుడు అదంతా ఒక్కసారి కరిగి పొంగుతుంది. నీ మరక అలా వచ్చిందే కావచ్చు.

అందుకని ముందు థర్మోస్టాట్‌లో కూలింగ్ ఆపెయ్, ఫ్యాన్ మాత్రం ‘ఆన్’లో పెట్టు. మంచు పూర్తిగా కరగడానికి కొన్ని గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజంతా. స్క్రూడ్రైవర్‌తో గీకి తియ్యాలని చూడకు, కాయిల్‌కి చిల్లు పడిందంటే వేలల్లో వదులుతుంది. మీ టెక్సాస్ ఫ్రిస్కోలో జూలై ఎండకి పిల్లలతో ఇబ్బందే, ఆ రాత్రికి మా ఇంటికి వచ్చేయండి. మీ పిన్ని కూడా అదే అంటోంది.

మంచు కరిగేలోపు, మిషన్‌లోకి వెళ్లే గాలిలో దుమ్ము పట్టే ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడు. అవతలి వెలుగు కనపడకపోతే దొంగ దొరికినట్టే. మన ఇళ్లలో ఫిల్టర్ తొందరగా పాడవుతుంది. రోజూ పోపులు, వారానికోసారి గారెలో బజ్జీలో. చాలా ఇళ్లలో పొయ్యి పైనున్న హుడ్ పొగని బయటికి పంపదు, తిప్పి వంటింట్లోకే వదులుతుంది. ఆ నూనె ఆవిరి, దుమ్ము కలిసి ఫిల్టర్ మీద జిడ్డుగా పేరుకుంటాయి. డబ్బా మీద మూడు నెలలని రాసున్నా ఎండాకాలం నెలకోసారి మార్చు. ఖరీదైనది మంచిదని మెర్వ్ 13 కొంటుంటారు. మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము పట్టగలదో చెప్పే నెంబరు. ఒక అంగుళం మందంలో అది చాలా మిషన్లకి ఊపిరాడనివ్వదు, మెర్వ్ 8 చాలు. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తు మిషన్ వైపు ఉండాలి.

వాడని గదుల్లో చల్లగాలి వచ్చే వెంట్లు మూసేశానని ఆ మధ్య చెప్పావు గుర్తుందా? వాడని గదిలో లైటు ఆర్పినట్టు కాదు ఇది. కరెంటు మిగలకపోగా గాలిని తోసే ఫ్యాన్, అంటే బ్లోయర్ మీద ఒత్తిడి పెరిగి గాలి ఇంకా తగ్గుతుంది. అన్నీ తెరువు. ఇంట్లో గాలిని మిషన్ వెనక్కి లాక్కునే రిటర్న్ గ్రిల్‌కి సోఫా గానీ పరుపు గానీ అడ్డముంటే జరుపు.

ఇక నీళ్ల సంగతి. తేమగా ఉన్న రోజుల్లో కాయిల్ నుంచి గాలన్ల కొద్దీ నీళ్లు దిగుతాయి. అవి కాయిల్ కింద పళ్లెంలా ఉండే పాన్‌లో పడి సన్నటి తెల్ల పైపులోంచి పోవాలి. ఆ పైపులో పాచి పట్టి జిగురులా అడ్డంపడుతుంది. డాలస్ వైపు చాలా ఇళ్లలో ఈ అసలు పైపు బయటికి రాదు, మేడ మీద బాత్రూమ్ సింకు కింద మురుగు పైపులో కలుస్తుంది. సింకు కింద తలుపు తెరిచి చూడు, పక్కనుంచి వచ్చి కలిసే సన్న పైపు కనిపిస్తుంది. మరి కిటికీ పైన గోడలోంచి పొడుచుకొచ్చిన పైపేమిటంటావా, అది అత్యవసరానికి పెట్టింది. నీ కళ్లబడాలనే అక్కడ పెట్టారు. దాన్నుంచి చుక్కలు పడుతున్నాయంటే అసలు పైపు మూసుకుపోయి, మిషన్ కింద జాగ్రత్తకి పెట్టిన రెండో పాన్ నిండుతోందని అర్థం.

మిషన్ ఉండే యాటిక్‌లోకి, అంటే పైకప్పు కింది అటకలోకి తెల్లవారుజామునే ఎక్కు, మధ్యాహ్నం అక్కడ 130 డిగ్రీలు దాటుతుంది. ముందు బ్రేకర్ ఆపు. దూలాల మీదే అడుగెయ్, పక్కన వేశావంటే కాలు సీలింగ్‌లోంచి హాల్లోకి దిగుతుంది. రెండో పాన్‌లో నీళ్లు ముందు తోడెయ్, లేకపోతే కరిగే మంచుకి చోటుండదు. మిషన్ దగ్గర పైపుకి నిలువుగా ఒక మూతి, దానికి మూత ఉంటుంది. అక్కడ షాప్ వ్యాక్ (నీళ్లు కూడా పీల్చే వ్యాక్యూమ్) పెట్టి, తడిగుడ్డ చుట్టి లాగు. తర్వాత కప్పుడు వెనిగర్ పోసి, అరగంట ఆగి నీళ్లు పొయ్యి. బ్లీచ్ పొయ్యమనేవాళ్లున్నారు. వెనిగర్, బ్లీచ్ కలిస్తే విషవాయువు వస్తుంది, ఒకటి పోసిన చోట రెండోది పొయ్యకు. పాన్‌లో నీళ్లు పెరిగితే తేలి కరెంటు ఆపే ఫ్లోట్ స్విచ్ మిషన్‌ని ఆపేస్తుంటే దాని వైరు పీకకు, నీ సీలింగ్‌ని కాపాడేది అదే.

పైనున్నప్పుడే, గదులకి గాలి తీసుకెళ్లే వెండిరంగు మెత్తటి గొట్టాలు, అదే డక్టుల మీద ఒక చూపు వెయ్యి. ఒక్క గదికే గాలి రాకపోతే ఆ గది డక్టు మడతపడో ఊడో ఉంటుంది. ఇల్లంతా తగ్గితే ఫిల్టరో, కాయిలో, బ్లోయరో.

ఇవన్నీ చేసి కూలింగ్ మళ్లీ పెట్టాక పావుగంట ఆగి, వంటింటి థర్మామీటర్‌తో చూడు. రిటర్న్ దగ్గర 78 ఉంటే వెంట్ దగ్గర దాదాపు 60 ఉండాలి. తేడా మరీ తక్కువున్నా, మళ్లీ మంచు కట్టినా అప్పుడు పిలువు మెకానిక్‌ని. వచ్చినవాడు “గ్యాస్ తగ్గింది, నింపుతా” అన్నాడంటే జాగ్రత్త. హైదరాబాద్‌లో ఏటా వేసవికి వినే పాటే అది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఎక్కడో చూపించి, బాగుచేశాకే నింపమను. మిషన్ పాతదై ఆర్-22 అనే పాతరకం గ్యాస్ వాడేదైతే ఆ గ్యాస్ తయారీ, దిగుమతి ఇక్కడ 2020తోనే ఆగిపోయాయి, ధర గూబ గుయ్యిమంటుంది. అప్పుడు కొత్త మిషన్ లెక్క కూడా అడుగు. గ్యాస్ ముట్టుకోవడానికి ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సర్టిఫికెట్ ఉండాలి. కంపెనీ వ్యాన్ మీద టీఏసీఎల్ (TACL) అని మొదలయ్యే లైసెన్సు నెంబరుంటుంది, దాన్ని రాష్ట్ర లైసెన్సు శాఖ వెబ్‌సైట్‌లో చూసుకో. మిషన్‌లో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ మార్చే వీడియోలు చూసి నువ్వే చెయ్యి పెట్టకు, కరెంటు తీసినా అందులో షాక్ మిగిలే ఉంటుంది.

సీలింగ్ మరకకి ఇప్పుడే పెయింట్ వేయించకు. బాగా ఆరనివ్వు. వేలితో నొక్కితే మెత్తగా దిగబడుతుంటే ఆ ముక్క కోసి మార్చాల్సిందే.

బాబాయి