అత్త అంటే ముగ్గురు: సమాజశాస్త్రంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బి.ఏ. మొదటి సంవత్సరం. మా ఇంటి బంధుత్వ పటం గీసి, దాని మీద నాలుగు పేజీలు రాసుకురమ్మన్నారు. గుర్తులు పుస్తకంలో ఉన్నాయి గానీ గీయబోతే అంతా చిక్కుపడిపోతోంది. పైగా మా అమ్మానాన్నలది మేనరికం. ఎక్కడ మొదలుపెట్టాలి? (విద్యార్థిని, కర్నూలు)

జవాబు: గుర్తులు తక్కువే. త్రికోణం మగ, సున్న ఆడ. మధ్యలో సమాన గుర్తు పెడితే పెళ్లి. దాని నుంచి కిందికి దిగే గీత సంతానం. తోబుట్టువుల నెత్తిన అడ్డగీత. చనిపోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత. మీ సున్నను పెన్సిల్‌తో నింపేయండి, ఎందుకంటే పటంలో ప్రతి వరసా మీ వైపు నుంచే లెక్క. అదే పటాన్ని మీ నాన్న వైపు నుంచి చదివితే మాటలన్నీ మారిపోతాయి.

ఏ3 కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. మీకు పైన రెండు తరాలు, కింద ఒకటి చాలు. ముత్తాతల దాకా వెళితే కాగితం చాలదు, చెప్పేవాళ్లకూ గుర్తుండదు. ఒక తరమంతా ఒకే ఎత్తులో ఉండాలి. తోబుట్టువుల్లో పెద్దవారు ఎడమ వైపు, తర్వాతివారు కుడికి. మన దగ్గర వయసు క్రమం తప్పితే వరసే తప్పుతుంది. ఇక్కడో మెలిక ఉంది. పెదనాన్నా చిన్నాన్నా అనేది మీ నాన్న వయసుతో పోల్చి. వదినా మరదలా అనేది మీ వయసుతో పోల్చి. రెండు కొలతలూ కలిపేస్తే పట్టిక పాడవుతుంది.

పటంలో పేర్లు రాయకండి, అంకెలు వేయండి. రెండో కాగితం మీద ఒక్కో అంకెకు ఎదురుగా మూడు సంగతులు: దారి, ఇతరులకు చెప్పేటప్పటి మాట, ఎదురుగా పిలిచేటప్పటి మాట. చివరి రెండూ ఒకటి కావు. ‘మావారు’ చెప్పే మాట, ‘ఏవండీ’ పిలిచే మాట. దారి రాయడానికి ఎనిమిది మాటలు సరిపోతాయి: తండ్రి, తల్లి, సోదరుడు, సోదరి, కొడుకు, కూతురు, భర్త, భార్య. ‘తల్లి సోదరుడి కొడుకు’ అన్నామంటే ఇంకో అర్థానికి చోటు లేదు.

దారి లేకుండా ఉత్త ‘అత్త’ అని రాసుకొస్తే ఏమవుతుందో చూడండి. తండ్రి సోదరి అత్త, తల్లి సోదరుడి భార్య అత్త, పెళ్లయ్యాక భర్త తల్లి కూడా అత్తే. ఇంటికి వచ్చి పటం గీసేటప్పుడు ఆవిడను ముగ్గురిలో ఎక్కడ కూర్చోబెడతారు? ఇంగ్లిష్‌లో ‘ఆంటీ’, ‘కజిన్’ అని రాసుకోవడం ఇంకా ప్రమాదం. మన బంధుత్వానికి వెన్నెముక లాంటి తేడా ఆ మాటల్లో కనిపించదు. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు మీకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. మేనత్త, మేనమామల పిల్లలు బావ, మరిది, వదిన, మరదలు. మొదటి వరసలో పెళ్లి ఊహకే రాదు. రెండో వరస ‘చేసుకోదగిన వరస’. పిన్ని భర్తను బాబాయి అనడం, బాబాయి భార్యను పిన్ని అనడం కూడా ఈ లెక్కకు లోబడే. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెళ్లిద్దరిని చేసుకుంటే మాటలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి, నిజంగా చేసుకున్నా చేసుకోకపోయినా.

ఇక మేనరికం. మీ నాన్న తన మేనమామ కూతురిని చేసుకున్నారనుకోండి. అప్పుడు మీ నానమ్మా, మీ అమ్మ తండ్రీ తోబుట్టువులు. ఇద్దరి నెత్తిన ఒకే అడ్డగీత రావాలి. చాలామంది ఇక్కడే తాతగారిని రెండుసార్లు గీస్తారు, నానమ్మ తమ్ముడిగా ఒకసారి, అమ్మ తండ్రిగా ఇంకోసారి. ఒక మనిషికి ఒకే గుర్తు. గీతలు చుట్టు తిరిగి వచ్చి కలుసుకోనివ్వండి, ఆ మూసుకున్న చట్రమే మేనరికం. మేనమామ అక్క కూతురిని చేసుకున్న ఇళ్లలో అయితే భార్య ఒక తరం కిందికి ఉంటుంది, సమాన గుర్తు ఏటవాలుగా వస్తుంది. అందంగా లేదని దాన్ని సరిచేయకండి. ఆ ఇంటి పిల్లలకు అమ్మమ్మే మేనత్త కూడా. ఏ మాటతో పిలుస్తారో అడిగి రాసుకోండి, మంచి మార్కులు అక్కడే ఉన్నాయి.

చెప్పేవాళ్లు మరిచిపోయేది ఎవరిని? ఎక్కువగా పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లలను, చిన్నప్పుడే పోయిన పిల్లలను. తాతయ్యను ఒక్కరినే అడిగితే మగవారి వైపు బారుగా పెరుగుతుంది, ఆడవారి వైపు మొండిగా మిగులుతుంది. నానమ్మను విడిగా, ఇంకో రోజు అడగండి. పోయిన పిల్లల గురించి, రెండో పెళ్లిళ్ల గురించి నలుగురిలో అడగకండి. మాటలు ఇంట్లో ఎలా అంటే అలాగే రాయండి. కోస్తాలో బాబాయి అనేవారిని తెలంగాణలో కాక అంటారు, చిన్నాయన అనే ఇళ్లూ ఉన్నాయి.

నాలుగు పేజీలకు కావలసిన ఆధారాలు మూడు. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రపంచ భాషల బంధుత్వ పదాలను పట్టికలుగా వేసినప్పుడు తమిళ, కన్నడాలతో పాటు తెలుగు మాటలూ చేర్చాడు. మన దేశపు మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లో భారతదేశ బంధుత్వ వ్యవస్థను నాలుగు మండలాలుగా విడదీసి, ఉత్తరాదిలో పెళ్లితో కొత్త చుట్టరికం కలిస్తే, దక్షిణాదిలో ఉన్న చుట్టరికమే మళ్లీ గట్టిపడుతుందని చూపారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఒప్పుకునే చోట మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు చట్టబద్ధంగా నిలిచేది ఆ మినహాయింపు మీదే.

ప్రశ్న: డర్క్‌హైమ్ చెప్పిన ‘సామాజిక వాస్తవం’ ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. సమాజంలో జరిగేదంతా సామాజిక వాస్తవమేనా? (ఉద్యోగార్థి, వరంగల్)

జవాబు: కాదు. పది మంది ఒకేసారి గొడుగులు తెరిస్తే అది వాన వల్ల. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1895లో పెట్టిన పరీక్షలో ముఖ్యమైనవి రెండు: అది మీకు బయట ఉండాలి, మిమ్మల్ని ఒత్తిడి చేయాలి. ‘మీరు’, ‘నువ్వు’ తీసుకోండి. మీరు పుట్టక ముందే ఉన్నాయి, మీ తర్వాతా ఉంటాయి. బయట ఉండటం అంటే అదే. ఒత్తిడి మామూలుగా కనపడదు. రేపు ఆఫీసులో పెద్ద అధికారిని ‘నువ్వు’ అని చూడండి, గదిలో గాలి మారిపోతుంది. మీరు అన్నది అబద్ధం కాదు, వ్యాకరణం తప్పలేదు, అయినా శిక్ష పడుతుంది. డర్క్‌హైమ్ తానిచ్చిన ఉదాహరణల్లో భాషా, డబ్బూ ఉన్నాయి: తోటి ఫ్రెంచివారితో ఫ్రెంచిలో మాట్లాడమని నన్నెవరూ బలవంతం చేయరు, కానీ నాకు వేరే దారీ లేదన్నాడు. పరీక్షలో నిర్వచనం తర్వాత వెంటనే ఒక ఉదాహరణ రాసి, రెండు లక్షణాలనూ దానికి విడివిడిగా అన్వయించండి. అన్వయం లేని ఉదాహరణ అలంకారం మాత్రమే.

ప్రశ్న: లోకరీతులు, లోకనీతులు, చట్టం: తేడా ఒక్క మాటలో? (విజయవాడ)

జవాబు: తప్పితే ఏమవుతుందో చూడండి. ఎడమ చేత్తో డబ్బిస్తే మొహం చిట్లిస్తారు, అది లోకరీతి. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉన్నవాళ్లు పెళ్లాడతామంటే ఇల్లు రెండుగా చీలుతుంది, అది లోకనీతి. హెల్మెట్ లేకపోతే చలానా వస్తుంది, అది చట్టం. ఈ విభజనలో మొదటి రెండూ అమెరికన్ సమాజశాస్త్రవేత్త సమ్నర్ 1906లో చెప్పినవే. అయితే మూడూ ఎప్పుడూ ఒకే వైపు లాగుతాయని అనుకోవద్దు. వరకట్నాన్ని చట్టం 1961లోనే నిషేధించింది. కట్నం ఇచ్చిపుచ్చుకునే కుటుంబాలు సిగ్గుపడటం మాట అటుంచి, ఎంత ఇచ్చారో నలుగురికీ తెలిసేలా చెప్పుకుంటాయి. చట్టం ఒక వైపు, లోకరీతి ఇంకో వైపు నిలబడిన ఇలాంటి ఉదాహరణ రాస్తే మీ జవాబు మిగతావాటికంటే ఎత్తులో ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన బాగా సంపాదించి, మాంసం మానేసి, ఇంట్లో హోమాలు చేయిస్తున్నాడు. ఇది సంస్కృతీకరణమేనా? (ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఒక్కడే చేస్తే కాదు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గుల (కర్ణాటకలోని కొడగు ప్రాంతం వారి) మీద రాసిన పుస్తకంలో ఈ మాటను వాడింది కులం గురించి, ఒక తెగ గురించి. ఒక గుంపు తన ఆచారాలను, కర్మకాండను, జీవన పద్ధతిని పై కులాల తీరుకు మార్చుకుంటూ, ఆ మీదట తమకు పై స్థానం ఉందని అడగడం. ‘అడగడం’ అనే ముక్కను చాలామంది వదిలేస్తారు. 1901 జనగణనలో కమిషనర్ రిస్లే కులాలను సామాజిక గౌరవ క్రమంలో పేర్చబోయినప్పుడు, మమ్మల్ని పైన రాయండంటూ కుల సంఘాల అర్జీలు వెల్లువెత్తాయి. అడగడం అంటే అదీ.

అనుకరించేది బ్రాహ్మణులనే అని కూడా లేదు. క్షత్రియ నమూనా కావచ్చు, ఆ ప్రాంతంలో భూమీ బలమూ ఉన్న ప్రాబల్య కులం కావచ్చు. శ్రీనివాస్ మొదట బ్రాహ్మణ నమూనాకు ఎక్కువ చోటిచ్చి, తర్వాత సవరించుకున్నారు. ఇంకో సంగతి. దీనివల్ల నిచ్చెన మీద ఒక గుంపు మెట్టు మారవచ్చు, నిచ్చెన మారదు. దళిత ఉద్యమాల్లాగా నిచ్చెననే ప్రశ్నించినవాటిని ఈ పేరుతో వివరించబోతే అతకదు. మీ ఊరి పెద్దమనిషి విషయంలో, ఆయన కులం వాళ్లు ఇంకా ఎంతమంది మారారో, ఊరి గుడిలోనో పెళ్లి పిలుపుల్లోనో వరస మార్చమని ఎవరైనా అడిగారో కనుక్కోండి. అప్పుడు పేరు పెడదాం.

ప్రశ్న: ‘అంతస్తు’ అంటే ఆస్తిపాస్తులే కదా, దాన్ని పాత్రతో జత చేసి ఎందుకు చెబుతారు? (ఇంటర్ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: ‘మన అంతస్తుకు తగ్గ సంబంధం’ అన్నప్పటి అంతస్తు వేరు. శాస్త్రంలో అంతస్తు అంటే స్థానం, అంతే. కూతురు, కండక్టర్, రోగి అన్నీ అంతస్తులే. అమెరికన్ మానవశాస్త్రవేత్త రాల్ఫ్ లింటన్ 1936లో వీటిని పుట్టుకతో వచ్చేవి, సాధించుకునేవి అని విడదీశాడు. ఆ స్థానంలో ఉన్నవారు ఏం చేయాలని నలుగురూ ఆశిస్తారో అది పాత్ర. సొంత కొడుకు జవాబు పత్రం దిద్దాల్సి వచ్చిన పంతులుగారిలో రెండు అంతస్తుల పాత్రలు ఢీకొంటాయి, అది పాత్ర సంఘర్షణ. కొడుకు ఆ తరగతిలో లేకపోయినా, స్నేహంగా ఉండాలి, క్రమశిక్షణా పెట్టాలి అనే ఇబ్బంది ఆయనకు ఉండనే ఉంటుంది. అది ఒకే అంతస్తులోని పాత్ర ఒత్తిడి. రెండు మార్కుల ప్రశ్నలో ఈ రెండింటినీ కలిపేసి ఒక మార్కు పోగొట్టుకుంటారు.