పప్పు పలచగా ఉందని అరిచే ముందు

బుజ్జీ,

మీ పేటకి అంగన్‌వాడీ కావాలని తల్లులందర్నీ కూడగట్టి సోమవారం అమలాపురం కలెక్టరేట్‌కి వెళ్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం సగం, టెన్షన్ సగం. రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు పిల్లల్ని లెక్కపెట్టు. ఆరేళ్ల లోపు వాళ్లు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఉయ్యాల్లో ఉన్నవాళ్లనీ కలుపు. పురుడుకి పుట్టింటికొచ్చిన వాళ్ల బిడ్డల్ని మాత్రం రాయకు, ఎంక్వైరీకొస్తే పరువు పోతుంది. అర్జీకి రసీదు తీసుకో.

వరిచేలు రొయ్యల చెరువులయ్యాక గట్ల మీద కందీ లేదు, బీరపాదూ లేదు, పిల్లల చేతిలో చిప్స్ ప్యాకెట్టే మిగిలింది. నిజమే గానీ అర్జీలో అదంతా ఎక్కించకు. చెరువుల వాళ్లు నీ మీదికొస్తారు, అడిగింది పక్కకి పోతుంది.

ఇక నా సంగతి. మీ అన్నయ్య అంగన్‌వాడీకి వెళ్లే రోజుల్లో పప్పు నీళ్లలా ఉంటోందని గ్రామసభలో లేచి, "మా పిల్లల పప్పు ఎవరింటికి పోతోంది?" అని టీచర్ని నిలదీశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తల వంచుకుంది. నేను గెలిచాననుకున్నాను. మర్నాటి నుంచి నలుగురు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. మానేసింది కూలికి వెళ్లేవాళ్లు. ఆ పిల్లలకి ఇంట్లో మధ్యాహ్నం వండేవాళ్లే లేరు.

వారం తర్వాత కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం తీసి చూపించాడు. ఆఫీసు నుంచి టీచర్‌కి నాలుగు నెలలుగా బిల్లుల డబ్బు రాలేదు. పప్పూ నూనే ఆవిడ తన పేరు మీద అప్పు తెస్తోంది. చెవుల దుద్దులు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. వాళ్లింటికి వెళ్తే కుర్చీ వేసి, "ఎలా చెప్పనండీ, సిగ్గేసిందండీ" అంది. నాకు మాట రాలేదు. ఆ బిల్లుల కోసం తర్వాత ఆవిడతో కలిసి నేనే ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆ తిరుగుడేదో ముందే తిరగాల్సింది. ఆ నలుగురు పిల్లల్లో ఇద్దరు మళ్లీ రాలేదు.

అందుకే ఆదివారం, ఇప్పుడు మీ పిల్లలు వెళ్తున్న కాలువ అవతలి అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి వెళ్లి కూర్చో. మీకు కొత్త కేంద్రం వస్తే తన రిజిస్టర్లో పిల్లలు తగ్గుతారని ఆవిడకి భయం ఉంటుంది. ఆ మాట నువ్వే ముందు ఎత్తు.

కొత్త కేంద్రం వచ్చేదాకా పిల్లల్ని ఒంటరిగా కాలువ మీది ఆ తాటిదుంగ మీంచి పంపకండి. వినపడిందా? ఒక్కరోజు కూడా. మీ అమ్మ ఆరేళ్లప్పుడు అలాంటి దుంగ మీంచే జారితే జడ పట్టుకుని లాగాను. ఇప్పటికీ కాలువకి నీళ్లు వదిలారంటే నా చేతులు వణుకుతాయి.

సోమవారం బాబుని ఎండలో తిప్పకు, మీ అమ్మ దగ్గర వదిలెయ్. నాలుగు అరటిపళ్లు సంచిలో పడేసుకో, నీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది.

మీ పెద్దమ్మ